కణుపు కింద

పొద్దున ఏడింటి నుంచి దీపాలు పెట్టేదాకా
ముచ్చికలు తీయడం నా పని.
కోల్డ్ స్టోరేజీ షెడ్డులో, గోతం పరుచుకుని,
కాయ ఎడంచేత్తో, ముచ్చిక కుడిచేత్తో.
కాయకి ధర ఉంది, బోర్డు మీద రాస్తారు.
ముచ్చికని చీపురుతో ఊడుస్తారు.

పదకొండేళ్ళ ఘాటు
ముక్కులో ఏదో తలుపు మూసేసి పోయింది.
ఎప్పుడు మూసిందో తెలియదు.
ఒకరోజు పాలు పొంగి, గిన్నె మాడి,
పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి చెబితే గాని తెలియలా.

సంగడిగుంట మలుపులో జైబున్నిసా పలావు బండి.
ఆకు దూసుకుని పుదీనా కాడలు బకెట్లో పారేస్తుంది.
ఆ సాయంత్రం ఎందుకో చెయ్యి చాచాను.
"పచ్చడికా?" అంది.
"ఊరికే" అన్నాను.

మొదటిసారి చచ్చాయి.
హార్లిక్స్ సీసాలో మెడదాకా ముంచి పెట్టాను,
నాలుగో రోజుకి నల్లబడి జిగటయ్యాయి.
కంపు కొట్టిందట. నాకేం తెలుసు.
మా ఆయన ముక్కు మూసుకుని కాలవలో పారబోసి వచ్చాడు.

జైబున్నిసా నవ్వి, గరిటె పక్కన పెట్టి,
కాడ ఒకటి నా కళ్ళ ముందు ఆడించింది.
"ఇదిగో ఈ కణుపు, దీని కిందే కొయ్యి.
కింది ఆకులు దూసెయ్. రెండు వేళ్ళ నీళ్ళు చాలు.
రోజూ మార్చు.
రేపు మారుద్దాంలే అనుకున్నావో, పోయినట్టే."

మళ్ళీ పెట్టాను.
చేతులు సబ్బుతో తోమి, కొబ్బరినూనె రాసి, మళ్ళీ తోమి,
అప్పుడు ముట్టుకునేదాన్ని,
నా వేళ్ళ మంట దానికి అంటుతుందేమోనని.
పిల్లాడప్పుడూ ఇంతే, ఎత్తుకోబోయి ఆగేదాన్ని.
ఒకసారి మరిచిపోయి బుగ్గ పుణికాను.
ఆ ఎరుపు నాకింకా కనిపిస్తుంది
వాడి కొత్త గడ్డం కింద.

వంటింటి కిటికీకి ఎదురుగా గోడ.
పదిన్నరకి ఒక చీలిక ఎండ సీసాని తాకి
పదకొండుకి వెళ్ళిపోతుంది.
అప్పుడు నేను షెడ్డులో ఉంటాను.
ఎండ వచ్చిందో లేదో ఆదివారం చూసుకోవాలి.

ఆరో రోజు రాత్రి కరెంటు పోయింది.
సెల్లు లైటు వేసి చూశాను:
కణుపు దగ్గర తెల్లగా,
చిగుట్లో తగిలీ తగలని పాలపన్నంత.
వారం తిరిగేసరికి సీసా అడుగున
ఉండ విప్పిన దారం.
బకెట్లో పడిన దానికి
ఇంత దారం ఎక్కడ దాచిపెట్టుకుందో!

పెయింటు డబ్బాకి మేకు కాల్చి మూడు చిల్లులు,
మాగిన పేడ, గుప్పెడు ఇసుక.
రోహిణి కార్తెలో మంచినీళ్ళ కుండ పక్కకి జరిపాను,
కుండ చెమట దానికి చలవని.
కాళ్ళు చాపుకునే చోటు పోయిందని మా ఆయన గొణిగాడు.
తర్వాత ఒక తెల్లారుజామున
తనే చెంబుతో నీళ్ళు చిలకరిస్తున్నాడు.
నేను నిద్రపోతూనే ఉన్నాను, కళ్ళు తెరిచి.

ఇప్పుడది డబ్బా అంచు దాటి పాకుతోంది.
ఒకటి తుంచితే రెండై లేస్తోంది.
నిన్న నాలుగు కాడలు తడిగుడ్డలో చుట్టి
పనిలోకి పట్టుకెళ్ళాను.
అన్నాల వేళ నాంచారమ్మ ఒక ఆకు నలిపి
ముక్కు దగ్గర పెట్టుకుంది.
అందరి తుమ్ములూ దగ్గుల మధ్య
కళ్ళు మూసుకుని అట్టాగే ఉండిపోయింది.
మేస్త్రి పిలిచినా పలకలా.

"ఎట్టా ఉంది?" అని అడిగాను.
చెప్పడం రాక ఆకు నా అరచేతిలో పెట్టింది.
నేనూ పీల్చాను.
ఏమీ లేదు.
ఇంకాసేపటికి, బాగా లోపల,
ఊపిరి పోయే దారిలో ఒక చల్లని గీత.
వాసన కాదది.
మూసిన తలుపు కింది సందులోంచి
గాలి పాదాలకి తగిలినట్టు.

మేస్త్రి మళ్ళీ కేకేశాడు.
ఆకు కొంగున కట్టుకుని కుప్ప ముందు కూర్చున్నాను.
కాయ ఎడంచేత్తో, ముచ్చిక కుడిచేత్తో.

నాంచారమ్మ తన కాడని
తాగే నీళ్ళ బాటిల్లో పెట్టుకుంది, మెడదాకా.
కింది ఆకులు దూయలా.
రేపు చెప్పాలి.